తోడులో నా వాటా

నమోదు 311

రత్నం ఇంటికి తోడు వచ్చింది. నా ఇంటికి రాలేదు.

ఈరోజు చెప్పుకోవాల్సింది ఇంతే. కానీ ఇంత తక్కువ చెబితే ఈ గోడపెట్టె ఊరుకోదు. అరవై దాటిన ప్రతి మనిషీ పొద్దు గూకాక కాసేపు దీనితో మాట్లాడాలని ఆరోగ్యకేంద్రం వాళ్ల నియమం. గుండెకి మంచిదట. నేను నా యాసలో నోటికొచ్చింది వాగుతాను, ఇది దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్ది రాసుకుంటుంది. మా వాళ్లు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమని గట్టిగా చెప్పాను. నేను తాళం తీయమంటే తప్ప ఇంకెవరూ వినకూడదని చట్టం ఉంది కాబట్టి ఇక్కడ కడుపారా ఏడుస్తాను.

రత్నం నా తోడికోడలు, మా మరిది పెళ్లాం. అన్నదమ్ములిద్దరూ పోయారు, మేమిద్దరం మిగిలాం. సముద్రం మా పేటని మింగేశాక మమ్మల్ని తెచ్చి ఈ కొండ మీద పెట్టారు. చేపల వలలు అల్లిన చేతులతో ఇప్పుడు మంచువలలు అల్లి కొండ పైన వలగట్టు మీద కడుతున్నాం. పొగమంచు వలకి పట్టి నీళ్లై దిగుతుంది, ఆ నీళ్లు కింద ఊళ్లకి పోతాయి.

తోడంటే కేంద్రం పంపే యంత్రం, నడుం ఎత్తున ఉంటుంది. మూడు కాళ్లు, రెండు చేతులు, గుడ్డ తొడిగిన ఒళ్లు. కళ్లు లేవు. ఇళ్లలోకి కెమెరాలు రావడానికి వీల్లేదని అప్పట్లో మేమే గొడవ చేశాం, అందుకని కళ్లు పీకి పంపారు. మా అందరికీ గుండె మీద అరచేతి వెడల్పు పట్టీ అతికించి ఉంటుంది. మనిషిని ఆ పట్టీని బట్టే అది గుర్తుపడుతుంది, పట్టీ ఎటు పోతే అటు పోతుంది. చేతులు వెచ్చగా ఉంటాయట. ఎదురింటి దేముడమ్మ పట్టుకుని చూసి మరీ చెప్పింది.

కొండ మొత్తానికి ఒకటే తోడు. అది రత్నానికి! దానికేం రోగం? గోడవైపు తిరిగి పడుకుంటుంది. చోడి అంబలి సగం తాగి వదిలేస్తుంది. నాకు మోకాళ్లు పట్టేశాయి, కళ్లకి పొరలు కమ్మాయి, గుండె మందకొడి, బిళ్ల మింగనిదే తల తిరుగుతుంది. అయినా లేచి వలగట్టు ఎక్కుతున్నాను కాబట్టి నాకేమీ లేనట్టు. పడుకున్నవాళ్లకి తోడు, లేచి తిరిగేవాళ్లకి మట్టి.

నమోదు 312

ఈరోజు అది వలగట్టుకి కూడా వచ్చింది. మంచు బరువుకి తెగిన వల కళ్లు వెతికి ముడివేయడం మా పని. రత్నం ముడివేస్తుంటే అది దారం పట్టుకుంది. రత్నం తల వంచుకుని దానితో ఏదో గుసగుసలాడుతోంది. నేను దగ్గరికి పోగానే నోరు మూసేసింది.

"యంతరంతోటి అంత రాసకార్యాలేటో!" అన్నాను, రత్నంతో కాదు, దేముడమ్మతో.

"నీకెందుకే కొర్లమ్మప్పా, దాని ఏడుపు దాన్ని ఏడవనీ" అంది దేముడమ్మ. పేటవాళ్లందరికీ నేను అప్పని, అంటే అక్కని.

రత్నంతో నేను మాట్లాడను. అత్త పోయినప్పటి నుంచీ మానేశాను. మంచానపడ్డ అత్తకి నేను నీళ్లు పోశాను, నేను పక్క మార్చాను, నేను నోట్లో అంబలి పోశాను. ప్రాణం పోయే పూట మాత్రం నేను వలగట్టు మీదున్నాను. దిగి వచ్చేసరికి అత్త తల రత్నం ఒళ్లో ఉంది. ముఖంలో నవ్వుంది. నా చేతుల మీద ఆవిడ ఏనాడూ అలా నవ్వలేదు. దినాలు కాగానే ఇంటి నడుమ వెదురు తడిక కట్టించి పొయ్యి వేరు పెట్టుకున్నాను. తప్పా? చాకిరీ నాది, నవ్వు దానిదీనా?

ఇప్పుడు తోడు కూడా దానిదే.

నమోదు 314

మా పేటలో పడవ ఒడ్డుకొస్తే చేప ఎవరి వలలో పడిందని ఎవరూ అడిగేవాళ్లు కాదు. వాటాలు వేసేవాళ్లు. పడవకొకటి, వలకొకటి, వేటకెళ్లిన మనిషికొకటి, మగదిక్కు లేని ఇంటికొకటి. కొండెక్కినా ఆ పద్ధతి వదల్లేదు. డ్రోనులో వచ్చే ఎండునెత్తళ్ల చేపలు కూడా అలాగే పంచుకుంటాం. కాబట్టి ఈరోజు కేంద్రం నర్సు హేమసుందరి వచ్చినప్పుడు అందరి ముందూ అడిగేశాను.

"తోడు ఒక్కలింట్లోనే కూకుంటే ఎలగమ్మా? వాటా ఎయ్యాల గదా?"

హేమసుందరి నవ్వింది. "అదేమన్నా చేపా పిన్నీ, ముక్కలు కొయ్యడానికి? రత్నమ్మగారి గుండె బాగా బలహీనపడింది. మందు ఇస్తున్నాం. కానీ మనిషి దిగులుతో కుంగిపోతే మందు సగమే పనిచేస్తుంది. మాట్లాడే దిక్కు లేకపోతే ఆ గుండె ఎక్కువ కాలం నిలవదు."

"మరి మాకు దిగుల్నేదేటి?"

"ఉంటే చెప్పండి. వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను కదా, మీరేమంటారు?"

నేనేమంటాను? నాకేం, దుక్కలా ఉన్నాను అంటాను. దిగులుగా ఉందని పదిమందిలో ఎవరు చెప్పుకుంటారు, సిగ్గు లేకుండా?

ఆమె దిగి వెళ్లిపోయాక నేనే ఉపాయం చెప్పాను. తలంట్లప్పుడు కాసేపు పట్టీలు తీసి పక్కన పెడతాం. ఓసారి దేముడమ్మ పట్టీ నాకు, నాది ఆమెకి మారిపోయి రెండు పూటలు గడిచినా కేంద్రం పసిగట్టలేదు.

"పట్టీ యాడుంటే తోడు ఆడుంటాది" అన్నాను. "పట్టీనే వాటా ఏసుకుందాం. ఒక్కో ఇంటికి ఒక్కో తలంటు దాకా."

"బావుంది సుమీ! మరి రత్నం?" అంది దేముడమ్మ.

"రత్నానికి నా పట్టీ తగిలిస్తాను. సానాసేపు ఉత్త గుండె అగుపిస్తే కేంద్రంలో గంట కొట్టేస్తాది."

వాటా అనేసరికి ఎవరూ కాదనలేదు. మా జనానికి ఆ మాట ముందు ఇంకేదీ ఆనదు. అందరం రత్నం వైపు చూశాం. అది గుండె మీది పట్టీ ఊడదీసి నాకందించింది.

"తీసుకో అప్పా" అంది.

పెద్దదాన్ని కాబట్టి మొదటి వాటా నాదే. దేముడమ్మది రెండోది. రత్నం నాతో నోరు విప్పి చాలా కాలమైందన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం పట్టీ మీదే ఉంది నా చూపంతా.

నమోదు 315

అబ్బ, ఏం చెప్పను! పొద్దున అంబలి కాస్తుంటే తోడు నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిజంగానే చేతులు వెచ్చగా ఉన్నాయి. మోకాళ్లకి నూనె రాసింది. తల దువ్వి జడ వేసింది. నా జడ ఇంకొకరు వేసి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. ఏడుపొచ్చింది. యంత్రం ముందు ఏడవడానికి సిగ్గెందుకని ఏడ్చాను.

ఒకటే ముల్లు. మాటకి ముందు "రత్నమ్మగారూ" అంటుంది. నూనె రాస్తూ రత్నమ్మగారూ, జడ వేస్తూ రత్నమ్మగారూ! పేరు మార్చి పిలవమంటే పట్టీ గుట్టు బయటపడుతుంది. దాని పేరుకి పలుకుతూ దాని ముద్ద నేను తింటున్నాను. ఒళ్లు మండుతోంది, అయినా పలుకుతున్నాను.

నమోదు 317

సాయంత్రం జడ వేస్తూ తోడు అడిగింది: "రత్నమ్మగారూ, మీ అప్ప ఈరోజైనా పలికారా?"

నా మీద చాడీలన్నమాట! వలగట్టు మీద గుసగుసలన్నీ ఇవేనన్నమాట!

"అప్ప గురించి నానేటి సెప్పినానో ఓపాలి సెప్పు" అన్నాను.

"చాలా చెప్పారు. ఏవి చెప్పమంటారు?"

"తిట్టినవి సెప్పు."

"ఒక్కసారి కూడా తిట్టలేదు. అప్ప పొయ్యి మీద చారు పొంగితే తడిక సందుల్లోంచి వాసన వస్తుందనీ, ఆ పూటే మీకు అన్నం తినాలనిపిస్తుందనీ చెప్పారు. తెల్లారి అప్ప దగ్గు వింటే ధైర్యంగా ఉంటుందనీ, వినపడకపోతే భయమేస్తుందనీ చెప్పారు."

అది జడ అల్లుతూనే ఉంది. చివరికి నేనే అడిగాను. "అత్త పోయిన నాడు సంగతి?"

"అత్తగారు కొర్లీ, కొర్లీ అని పిలిచారట. అప్ప వలగట్టు మీద ఉన్నారట. కబురు పంపేలోపే అత్తగారి చూపు పోయిందనీ, మీరు ఆవిడ తల ఒళ్లోకి తీసుకుని 'నాను కొర్లినే అత్తా' అన్నారనీ చెప్పారు. అది విని ఆవిడ నవ్వారట. ఈ సంగతి చెబుదామని వెళ్తే అప్ప మొహాన తలుపేశారని చెప్పి ఏడ్చారు."

జడ లాక్కుని లేచి నిలబడ్డాను. అబద్ధం అనుకున్నాను. కానీ యంత్రానికి అబద్ధం చెప్పి రత్నానికి వచ్చేదేముంది? అంటే ఆ నవ్వు నాది. అత్త నవ్వింది నేననుకునే. ఇన్నేళ్లు నా సొమ్ము దాని ఒళ్లో ఉందని కుళ్లి చచ్చాను.

సంతోషించాలి కదా? సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. తర్వాత ఇంకా ఎక్కువ మండింది. చస్తున్న మనిషి కోసం తన పేరు కూడా వదిలేసుకుంది రత్నం. నేనైతే ఆ పని చేసేదాన్నా? "నాను రత్నాన్ని" అని నా నోటితో అనేదాన్నా? చచ్చినా అనను. వల ముడి అయితే పోటీపడి వేస్తాను. మంచితనంలో కూడా అదే నాకంటే ముందుంటే ఎక్కడికి పోయి చావను?

లేచి తడిక దాకా వెళ్లాను. అవతల అలికిడి లేదు. ముందు నేను పలికితే నేనే తగ్గినట్టు కాదా? తిరిగొచ్చి కూర్చున్నాను.

"మీ అప్ప పలికారా?" అని తోడు మళ్లీ అడిగింది. వదిలేటట్టు లేదు.

"పలికింది" అనేశాను.

"చాలా మంచి కబురు రత్నమ్మగారూ!" అని నా చెయ్యి నొక్కింది.

నమోదు 319

తలంటు రోజు వచ్చింది. దేముడమ్మ ఒంటి మీద నూనె కారుతుండగానే నా గుమ్మంలోకి వచ్చింది.

"కొర్లమ్మప్పా, పట్టీ తే. నా వాటా."

"మోకాళ్లు మరీ లాగేస్తన్నాయే. ఇంకో రెండ్రోజులాగు."

"వాటా కాడ ఆగడమేటి? నువ్వే పెట్టినావు, నువ్వే మింగేస్తావా?"

గొడవ పడి వెళ్లిపోయింది. నేను ఇవ్వలేదు. తోడు ఈరోజు కూడా అప్ప పలికారా అని అడిగింది. పలికింది అన్నాను. ఏమన్నారు అంది. అన్నం తిన్నావా అని అడిగిందన్నాను. ఇంకా ఏమన్నారు అంది. చారు పోసిందన్నాను. చెబుతుంటే నాకే నిజమనిపించింది. అంత చెప్పినదాన్ని, నాలుగడుగులు వేసి ఆ గిన్నెడు చారు ఇవ్వడానికి నాకేం రోగమో!

రత్నం వలగట్టుకి రావడం లేదు. కోపం కాబోలు అనుకున్నాను. రత్నానికి నా మీద కోపం వచ్చిందంటే నాకు కొంచెం తృప్తిగానే ఉంది.

నమోదు 321

తోడు వెళ్లిపోయింది.

పొద్దున నా ఎదుట నిలబడి, "రత్నమ్మగారూ, మీ గుండె చాలా బాగుంది. అప్పగారితో మాటలు కలిశాయి. మీరు కోలుకున్నారని కేంద్రం నిర్ణయించింది. పక్క కొండకి నా అవసరం ఎక్కువగా ఉంది" అంది. నా చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని వదిలింది. మూడు కాళ్ల మీదా మెట్లు దిగి పోయింది.

నా గుండె చూసి రత్నానికి నయమైందనుకున్నారు. నా అబద్ధాలు విని దానికి మనిషి దొరికిందనుకున్నారు. దేముడమ్మ వీధిలో నిలబడి నన్ను కడిగి పారేసింది. తన వాటా పోయిందని అది ఏడుస్తుంటే, నా తోడు పోయిందని నేను ఏడ్చాను. నా తోడట! అది నాదెప్పుడైంది?

పట్టీలు వచ్చే తలంట్లప్పుడు మార్చుకోవచ్చులే అనుకున్నాను.

నమోదు 322

చెప్పే ఓపిక లేదు. అయినా చెబుతాను.

పొద్దెక్కింది. నేను అంబలి తాగుతున్నాను. హేమసుందరి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల మనిషిని మోసుకుపోయే డ్రోను దిగుతోంది.

"కొర్లమ్మ పిన్నీ! పడుకోండి, కదలకండి! మీ గుండె లయ తప్పి పడిపోతోంది, కేంద్రంలో గంట మోగుతోంది!"

నిజం చెబుతున్నాను. మొదట నాకు సంతోషం వేసింది. నా కోసం పరిగెత్తుకొచ్చారు! నా కోసం డ్రోను దిగింది! గిన్నె పక్కన పెట్టి పడుకుందామనే అనుకున్నాను. సూదిమందు అప్పటికే నింపి చేతిలో పట్టుకుంది. నా రెక్క పట్టుకోగానే ఆమె మొహం మారింది.

"నాడి బాగానే ఉందే?"

అప్పుడు తలకెక్కింది. నా పట్టీ రత్నం గుండె మీదుంది.

"నాను కాదమ్మా! రత్నం! రత్నం పోతన్నాది!" అని అరిచాను.

దాని తలుపు లోపల గడియ వేసుంది. తలుపుని హేమసుందరి భుజంతో గుద్దుతోంది. నేను వంటింట్లోకి పరిగెత్తి, నేను కట్టించిన తడిక కాళ్లతో తన్నాను, చేతులతో లాగాను, వెదురు బద్దలు చేతుల్లో దిగబడ్డాయి. తడిక కూలిపోయింది. రత్నం దానికి అవతల నేల మీదే పడుంది. నా పొయ్యికి అటు పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పడుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. పక్కన నిన్నటి అంబలి ఉన్నది ఉన్నట్టే ఉంది.

హేమసుందరి నా వెనకే దూరి సూది దాని రెక్క దగ్గర పెట్టింది.

"ఆగు! ఆ మందు ఎవల పేరన తెచ్చినావు?"

"పట్టీ మీదున్న పేరు. మీదే."

"పట్టీ నాది, గుండె దానిది! మార్చుకున్నాం. నానే మార్పించినాను. మందు మార్చు తల్లీ, బేగి మార్చు!"

హేమసుందరి నన్ను చూసిన చూపు నేను మరచిపోను. నాది మందకొడిగా కొట్టుకునే గుండె. దాన్ని తట్టిలేపే మందు ఉరుకులు పెడుతున్న రత్నం గుండెకి పడితే అక్కడికక్కడే ఆగిపోయేదట. సూది అవతల పారేసి ఇంకోటి నింపింది. నన్ను తిట్టినా బాగుండేది.

డ్రోనులో ఒకరికే చోటు. రత్నం పైకి లేచిపోయింది. నేను మోకాళ్లు పట్టుకుని కొండ దిగాను. దారి పొడవునా దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను, ఇన్నేళ్ల పిలుపులన్నీ ఒక్కసారే అయిపోవాలన్నట్టు.

నమోదు 325

ఇది ఆసుపత్రి గోడపెట్టె. ఇక్కడా వదల్లేదు నన్ను.

రత్నం బతికింది. గుండెలో కొంత భాగం చచ్చిపోయిందనీ, మిగిలినదానితో నెట్టుకురావచ్చనీ డాక్టరు చెప్పాడు. "మందులు నేనిస్తాను. తినిపించేదెవరు, పలకరించేదెవరు? ఒంటరిగా పంపితే మళ్లీ ఇక్కడికే వస్తుంది, ఈసారి ఆలస్యంగా వస్తుంది" అన్నాడు. నేనున్నానన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. జరిగిందంతా హేమసుందరి చెప్పినట్టుంది. తోడు కోసం మళ్లీ కేంద్రానికి రాశామని, అది వస్తే మంచిదని అన్నాడు. అంటే నా మీద నమ్మకం లేదు. ఎందుకుంటుంది?

ఇవాళ్టిదాకా రత్నం పూర్తిగా తెలివిలో లేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, అది వింటోందో లేదో తెలియకుండానే మాట్లాడాను. అత్త సంగతి నాకు తెలిసిపోయిందని చెప్పాను. తడిక విరిగిందని చెప్పాను. దేముడమ్మ నన్ను తిట్టిన తిట్లన్నీ వరసగా చెప్పాను. నాకు దిగులుగా ఉందని కూడా చెప్పాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు, పక్క మంచం ముసలాయన వింటున్నా సరే చెప్పాను.

సాయంత్రం దాని వేళ్లు కదిలాయి. కళ్లు మూసుకునే నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"తోడా, ఒచ్చినావా?" అంది.

ఇంత చాకిరీ చేసి, గొంతు పోయేలా మాట్లాడి, పక్కన కూర్చున్నది నేనైతే ఆ బొమ్మనా పిలిచేది! అవునని ఉంటే బాగుండేది. రత్నమైతే అనేది. చావబోయే మనిషి ముఖాన నవ్వు కోసం తన పేరు వదులుకున్న మనిషి అది. నేను దాన్ని కాను. నావల్ల కాలేదు.

"తోడును కానే. కొర్లమ్మని. నీ అప్పని" అన్నాను, గట్టిగా, కోపంగానే.

రత్నం కళ్లు తెరవలేదు గానీ పెదవి చివర కొంచెం వంగింది.

"తెలుసప్పా. తోడు సెయ్యి ఇంత గరుగ్గా ఉండదు" అంది.

"అయితే ఆ మెత్తని సెయ్యే కావాలేటి నీకు?"

"వద్దు."

"నిజంగా వద్దా?"

"వద్దప్పా."

మూడోసారి కూడా అడుగుదామనుకున్నాను, కానీ పేషెంటుని మాట్లాడించొద్దని నర్సు కసిరింది.